జీతంలో యూరో గుర్తు

గురువారం సాయంత్రం ఆరు కావస్తోంది. రేపూ ఎల్లుండీ సెలవు కాబట్టి తూర్పు రిఫా అంతా బుకువారా రోడ్డు మీదికే వచ్చినట్టుంది. కార్లు కదలడం లేదు, హారన్లు ఆగడం లేదు. కింద మలయాళీల కెఫెటీరియాలో కరక్ చాయ్ మరుగుతోంది. పక్కన కోల్డ్ స్టోర్ ముందు కుర్రాళ్లు నీళ్ల బాటిళ్ల కట్టలు దించుతున్నారు. ఆ రెండింటి మధ్య సన్నటి మెట్లున్నాయి చూశారూ, అవి ఎక్కి వచ్చెయ్యండి. పైన మా ఆఫీసు. ఓ కాంట్రాక్టింగ్ కంపెనీ వాళ్ల హాజరు, జీతాలు, మెసేజ్‌లు చూసే సాఫ్ట్‌వేర్ ఇక్కడే నడుస్తుంది. తలుపు మాత్రం వెంటనే వెయ్యండి, ఏసీ చల్లదనం బయటికి పోతే ముదీర్, అంటే మా మేనేజరు, ఊరుకోడు.

మీకంటే ముందే ఒకాయన వచ్చి నిలబడ్డాడు. జగిత్యాల పక్క పల్లెటూరు ఆయనది, ఇక్కడ ఫోర్‌మన్. పసుపు జాకెట్టు ఇంకా విప్పలేదు. ఆయన గ్యాంగు ఈ వారం రిఫా కోట దిగువన, హునైనియా లోయ వైపు ఫుట్‌పాత్ రాళ్లు పరుస్తోంది. ఫోను నా ముందు పెట్టాడు.

"అన్నా, జర ఇది చూడు. కంపెనోళ్లు ఏదో అడుగుతున్నరు. ఏం అడుగుతున్నరో తెల్వది. అన్నీ ప్రశ్న గుర్తులే!"

మీరూ వంగి చూడండి. తెర మీద ఉన్నది ఇదీ:

????????? 12 ????? 4 ???? ????? ??? ????????. ????? ????????? ?????????.

అంకెలు రెండు మాత్రం బతికాయి. కార్మికులుండే క్యాంపులో వాటి మీద పెద్ద చర్చే జరిగిందట. పన్నెండు నుంచి నాలుగు దాకా ఓవర్‌టైమ్ అన్నాడట ఒకాయన. కొత్తగా వచ్చిన కుర్రాళ్లిద్దరు నమ్మేశారు కూడా. అసలు సంగతి దానికి సరిగ్గా తలకిందులు. ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించడం బహ్రెయిన్‌లో నిషేధం. ఆ సమయంలో పని చేయవద్దని చెప్పడానికే ఈ మెసేజ్ వెళ్లింది. అరబీలో, ఇంగ్లీషులో శుభ్రంగా వెళ్లింది. తెలుగు, మలయాళం, హిందీ, బంగ్లా నాలుగూ ఇలా వెళ్లాయి.

సరే, కుర్చీ లాక్కోండి. ఇలాంటప్పుడు చాలామంది ముందు కోడ్ తెరుస్తారు, కనిపించిన ప్రతిచోటా యూటీఎఫ్-8 అని రాసి చూస్తారు. దానికి తొందరలేదు. ముందు ప్రశ్న గుర్తులు లెక్కపెడదాం.

మొదటి మాట 'మధ్యాహ్నం'. చేత్తో రాస్తే మూడు అక్షరాలు: మ, ధ్యా, హ్నం. ఫోనులో తొమ్మిది ప్రశ్న గుర్తులున్నాయి. యూనికోడ్‌లో ఆ మాట తొమ్మిది సంకేతాలు: మ, ధ, పొల్లు, య, దీర్ఘం, హ, మళ్లీ పొల్లు, న, సున్న. ఒక్కో సంకేతానికి ఒక్కో ప్రశ్న గుర్తు వచ్చింది. అదే ఇరవై ఏడు వచ్చి ఉంటే కథ వేరు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి, ఆ మాటను ఎవరో అక్షరాలుగా కాక బైట్లుగా ముక్కలు చేశారని అర్థమయ్యేది. ఇక్కడ తొమ్మిదే ఉన్నాయంటే, మన ప్రోగ్రాము తెలుగును తెలుగుగానే చదివింది. తరవాత ఎక్కడో, తెలుగుకు చోటు లేని పట్టికలోకి మార్చబోయి, 'ఇది నా దగ్గర లేదు' అంటూ ఒక్కోదాని బదులు ఒక్కో ప్రశ్న గుర్తు పెట్టేసింది.

ఇప్పుడు ఫోను నుంచి వెనక్కి నడుద్దాం. మెసేజ్‌లు పంపే గేట్‌వే లాగ్ తెరిచాను. అక్కడికి చేరేటప్పటికే ప్రశ్న గుర్తులు. సరే, దానికి ముందు మెట్టు డేటాబేస్. కంటికి కనిపించేదాన్ని నమ్మకుండా బైట్లు చూపించమని అడుగుదాం. వరుసగా 3ఎఫ్, 3ఎఫ్, 3ఎఫ్. హెక్స్‌లో 3ఎఫ్ అంటే ప్రశ్న గుర్తే. తెర మీద అలా కనిపించడం కాదు, లోపల ఉన్నదే అది. ఈ వరసలో తెలుగు ఇక లేదు. నిన్నటి బ్యాకప్‌లోనూ ఉండదు, మొన్నటి దాంట్లోనూ ఉండదు. ఏ కన్వర్టరు తెచ్చి రుద్దినా రాదు.

కాలమ్ రకం చూడండి: వార్‌చార్. డేటాబేస్ కొలేషన్ అరబిక్_సీఐ_ఏఎస్. దొంగ దొరికాడు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌చార్ కాలమ్ అంటే, ఆ కొలేషన్‌కు తగిన కోడ్ పేజీలో అక్షరాలు దాచుకునేది. అరబిక్ కొలేషన్‌కు ఆ కోడ్ పేజీ విండోస్-1256. మొత్తం 256 గడులు. సగం ఇంగ్లీషుకు పోగా మిగతా సగంలో అరబీ, ఫార్సీ, ఉర్దూ అక్షరాలు కొన్ని, ఫ్రెంచి అక్షరాలు కొన్ని. తెలుగుకు అందులో ఒక్క గడి లేదు. ఆ మాటకొస్తే విండోస్‌లో తెలుగుకంటూ అలాంటి సిస్టమ్ కోడ్ పేజీ ఏనాడూ లేదు. మన లిపికి 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 స్థానాలు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చినప్పుడు కూడా తెలుగు యూనికోడ్ దారినే వచ్చింది. అరబీకి పాత దారి, కొత్త దారి రెండూ ఉన్నాయి. మనకు ఉన్నది కొత్త దారి ఒక్కటే.

ఈ సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి ఏ ఫిర్యాదూ లేకుండా నడిచింది అందుకే. ఇంగ్లీషుతో పరీక్షించారు, వెళ్లింది. అరబీతో పరీక్షించారు, వెళ్లింది. 'అన్ని భాషలకూ పనిచేస్తుంది' అని రాసుకున్నారు. బహ్రెయిన్ జనాభాలో సగానికి పైగా విదేశీయులే. జీతాల పట్టీలో పేర్లున్నవాళ్లు మాట్లాడే భాషల్లో ఒక్కదాన్నీ ఎవరూ టైపు చేసి చూడలేదు. ఇది సాంకేతిక లోపం అనడానికి నాకు మనసొప్పదు. బద్ధకం.

ఫోర్‌మన్ గారు ఇంకా నిలబడే ఉన్నారు. "మరి గది దొరుకుతదా అన్నా?" అంటున్నారు. దొరుకుతుంది. మెసేజ్‌ల అసలు ఫైలు అకౌంట్స్‌లో ఉంది. క్యాంపులో ఒక్కో భాషవాళ్లను అడిగి వాట్సాప్‌లో తెప్పించుకుని, సీఎస్‌వీగా పెట్టుకున్నారు. రండి, అద్దాల గదిలోకి.

అక్కడ కూర్చున్న బహ్రెయినీ అమ్మాయి ఆ ఫైలును అప్పటికే ఎక్సెల్‌లో తెరిచి, నుదురు చిట్లించి చూస్తోంది. తెర నిండా గజిబిజి. ఆమె నావైపు తిరిగి అడిగిన మొదటి ప్రశ్న: "ఇది ఫార్సీయా?"

ఎందుకలా అనిపించిందో వేలు పెట్టి చూపించింది. ఫ్రెంచి అక్షరాలు, గణితం గుర్తుల మధ్య అక్కడక్కడ కింద మూడు చుక్కలున్న 'పే', పొట్టలో మూడు చుక్కలున్న 'చే' మెరుస్తున్నాయి. అవి ప్రామాణిక అరబీలో లేని అక్షరాలు, ఫార్సీలో ఉర్దూలో ఉంటాయి. రెండో ప్రశ్న ఇంకా గట్టిది. జీతాల నోటీసు వరసలో ఒక యూరో గుర్తు ఉంది. "మనం జీతాలిచ్చేది దీనార్లలో. ఈ యూరో ఎవరు పెట్టారు?"

ఎవరూ పెట్టలేదు. ఆ యూరో మన గుడి దీర్ఘం.

ఇక్కడ కాస్త దగ్గరికి జరగండి, ఇంత ముచ్చటైన సాక్ష్యం రోజూ దొరకదు. 'జీతం' అనే మాటలో సంకేతాలు నాలుగు: జ, గుడి దీర్ఘం, త, సున్న. యూటీఎఫ్-8లో పన్నెండు బైట్లు. జ అంటే ఈ0 బీ0 9సీ. గుడి దీర్ఘం ఈ0 బీ1 80. త ఈ0 బీ0 ఏ4. సున్న ఈ0 బీ0 82. ఆమె కంప్యూటర్‌లో యూనికోడ్ తెలియని ప్రోగ్రాముల కోసం పెట్టిన భాష అరబీ. ఎక్సెల్ సీఎస్‌వీని తెరిచేటప్పుడు, ముందు ఏ గుర్తూ లేకపోతే, ఆ భాష పట్టికే పట్టుకుంటుంది. పదో నంబరు బస్సు ఒక్కో ఊళ్లో ఒక్కో చోటికి పోయినట్టు, అదే బైటు ఒక్కో పట్టికలో ఒక్కో అక్షరానికి పోతుంది. 1256 పట్టికలో ఈ0 అంటే నెత్తిన వాలు గీత ఉన్న ఫ్రెంచి 'ఏ'. బీ0 అంటే ఉష్ణోగ్రత పక్కన వేసే డిగ్రీ గుర్తు. బీ1 ప్లస్ మైనస్ కలిసిన గుర్తు. 80 యూరో. ఏ4 ఏ దేశానిదీ కాని డబ్బు గుర్తు. అంటే 'జీతం' అన్న ఒక్క మాటలో రెండు డబ్బు గుర్తులు! కావాలని చేసినా ఇంత బాగా కుదరదు.

ఆ 'పే', 'చే' సంగతీ అంతే. కొమ్ము బైట్లు ఈ0 బీ1 81. పొల్లు బైట్లు ఈ0 బీ1 8డీ. అరబిక్ పట్టికలో 81 గడిలో ఫార్సీ 'పే', 8డీ గడిలో 'చే' కూర్చున్నాయి. కొమ్ములూ పొల్లులూ లేని తెలుగు వాక్యం ఉండదు కాబట్టి తెర నిండా చుక్కలే. ఆమె నవ్వి, పై వరసలోని అరబీ చూపించింది. అదీ చెడిపోయే ఉంది, అందులో 'తా', 'జా' అనే రెండు అక్షరాలే వరుసలు కట్టి నిలబడ్డాయి. అరబీ అక్షరాల యూటీఎఫ్-8 బైట్లు ఎక్కువగా డీ8తోనో డీ9తోనో మొదలవుతాయి, ఆ పట్టికలో ఆ గడులు ఆ రెండు అక్షరాలవి. "మాకు ఇది కొత్త కాదు," అంది. "తా, జా కనిపిస్తే ఫైలు బాగానే ఉంది, ఎక్సెల్ తప్పుగా చదివింది అనుకుంటాం."

ఎంత సరైన మాట! గజిబిజి కనబడితే సంతోషించాలి. బైట్లన్నీ ఉన్నాయి, చదివే పట్టిక తప్పింది, అంతే. డబ్బాలు కనబడితే ఇంకా తేలిక, ఫాంటు లేదు, తెచ్చి పెడితే సరి. మూడు బైట్ల తెలుగు ప్రశ్న గుర్తయి కూర్చుందంటే, అక్కడ భయపడాలి.

"మూసెయ్, కానీ సేవ్ కొట్టకు," అన్నాను. మూసి, ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలు దిగుమతి చేసి, ఫైలు ఏ ఎన్‌కోడింగ్ అన్న చోట 65001 యూటీఎఫ్-8 ఎంచుకుంది. తెలుగు వచ్చింది. అరబీ కుడినుంచి ఎడమకు, మలయాళం గుండ్రంగా, అన్నీ వాటి వాటి చోట్ల. ఇకమీద ఇలాంటి ఫైళ్లను 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్న రకంలో దాచమన్నాను. అప్పుడు ఎక్సెల్ ఫైలు మొదట్లో ఈఎఫ్ బీబీ బీఎఫ్ అని మూడు బైట్లు తగిలిస్తుంది. మళ్లీ తెరిచినప్పుడు వాటిని చూసి గుర్తుపడుతుంది.

నా లాప్‌టాప్‌లో ఇదే ఫైలు ఇంకోలా మొండికేస్తుంది. దాంట్లో పాత పట్టిక అరబిక్ కాదు, పడమటి యూరప్ వాళ్ల 1252. తెలుగు వరస ఒక్కటీ వేరే ఫైలులో పెట్టి, ఎన్‌కోడింగ్ చెప్పకుండా పైథాన్‌తో తెరిచి చూపిస్తాను, చూడండి. గజిబిజి కూడా రాదు. 8డీ బైటు దగ్గర తప్పు చూపించి ఆగిపోయింది. 1252లో 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ అనే అయిదు గడులు ఖాళీ. 81 మన కొమ్ము, 8డీ మన పొల్లు. 8ఎఫ్ 'ఏ'ది, 90 'ఐ'ది, 9డీ 'ఝ'ది. 'మధ్యాహ్నం'లో ధ కిందున్న పొల్లు దగ్గరే పైథాన్ కాలు విరిగింది. అరబిక్ పట్టికలో 256 గడులూ నిండి ఉండడం వల్ల ఆమె యంత్రంలో ఏ బైటూ పోలేదు. అందుకే అలా చెడిన వాక్యాన్ని 1256లోకి ఎన్‌కోడ్ చేసి యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే తెలుగు చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. ఎన్‌కోడింగ్ పేరు నోరు తెరిచి చెప్పాలి, ఊహించుకోమని యంత్రానికి వదలకూడదు. ఫైలు తెరిచే ఆ ఒక్క వరసలో 'యూటీఎఫ్-8' అని చేర్చడానికి ఎంతసేపు?

మళ్లీ నా బల్ల దగ్గరికి. కాలమ్‌ను వార్‌చార్ నుంచి ఎన్‌వార్‌చార్‌కు మార్చాను. ఇందులో యూనికోడ్ నేరుగా కూర్చుంటుంది. పాత వరసలు ప్రశ్న గుర్తులుగానే ఉంటాయి, వాటిని తీసేసి ఫైలులోంచి మళ్లీ ఎక్కించాలి. ఎక్కించాను. మళ్లీ ప్రశ్న గుర్తులే! ఫోర్‌మన్ గారు నిట్టూర్చారు. ఎక్కించే ప్రోగ్రాములో ఆ విలువను పంపే పారామీటర్ రకం ఇంకా వార్‌చార్ అనే ఉంది. కాలమ్ దాకా వెళ్లకముందే అది తెలుగును 1256లోకి దింపి చంపేస్తోంది. దాన్నీ మార్చాను. ఒకచోట క్వెరీలో నేరుగా రాసిన వాక్యం ఉంటే కొటేషన్‌కు ముందు ఎన్ అనే అక్షరం తగిలించాను. ఆ ఒక్క అక్షరం లేకపోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆ వాక్యాన్ని కూడా డేటాబేస్ కోడ్ పేజీలోకే దింపేస్తుంది. ఇప్పుడు బైట్లు చూడండి. 3ఎఫ్ లేదు. మ స్థానం 0సీ2ఈ, బైట్లు తిరగేసి 2ఈ 0సీ అని కూర్చుంది.

గేట్‌వే మిగిలింది. దానికి పంపేటప్పుడు 'ఇది యూనికోడ్ మెసేజ్' అని చెప్పే స్విచ్ ఒకటుంటుంది, అరబీకి ముందే వేసి ఉంది, తెలుగుకు లేదు. వేశాను. వెంటనే దాని లెక్క మారింది: ఒక మెసేజ్ కాస్తా రెండయింది.

ఎస్ఎంఎస్ అంటే 140 బైట్ల సంచి. ఇంగ్లీషు ఒక్కో అక్షరం ఏడు బిట్లే కాబట్టి అందులో 160 పడతాయి. తెలుగైనా అరబీ అయినా ఒక్కోటి రెండు బైట్లు, 70 పడతాయి. మన వాక్యం ఏమిటంటే: 'మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఎండలో పని చేయవద్దు. నీడలో విశ్రాంతి తీసుకోండి.' లెక్కపెడితే 72. ప్రతి కార్మికుడికీ రెండు మెసేజ్‌ల డబ్బు కట్టాలి. అకౌంట్స్ అమ్మాయి నా భుజం మీదుగా చూసి, "ఆ రెండు చుక్కలు తీసేస్తే?" అంది. రెండు ఫుల్‌స్టాపులు తీసేశాం. సరిగ్గా 70. వ్యాకరణం తెలిసినవాళ్లు క్షమించాలి.

జీతాల నోటీసులో మాత్రం కంటికి కనబడని అక్షరాలు బయటపడ్డాయి. 'సూపర్‌వైజర్‌కు' అన్న మాటలో రెండుచోట్ల పొల్లు కింద వత్తు పడకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది. వాట్సాప్‌లో టైపు చేసినాయన కీబోర్డు పెట్టింది. తెర మీద దానికి రూపం లేదు, 70 లెక్కలో మాత్రం చోటు తీసుకుంటుంది. పేరు వెతికేటప్పుడూ అంతే, అది ఉన్న పేరు, లేని పేరు కంటికి ఒకటే, బైట్లు పోల్చే ప్రోగ్రాముకు వేరు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు 'జ్ఞా' గుర్తుందా? ఆ వరసలోనూ ఈ కనబడని అక్షరం ఉంది. ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు.

పంపించాను. బల్ల మీద ఫోను గుర్రుమంది. ఫోర్‌మన్ గారు తీసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ గట్టిగా చదివారు. చదివి, "అంటే ఓవర్‌టైమ్ లేదన్నట్టు," అన్నారు. లేదు.

వెళ్తూ వెళ్తూ ఇంకోటి చూపించారు. బతుకమ్మ పండక్కి ఊరివాళ్లు డీటీపీ సెంటర్‌లో చేయించి పంపిన కరపత్రం, వర్డ్ ఫైలు. నా లాప్‌టాప్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగలిసిన గజిబిజి. చూడ్డానికి ఇందాకటి జబ్బులాగే ఉంది కానీ కాదు. డిగ్రీ గుర్తులు లేవు చూడండి. ఇది అను ఫాంట్లలో చేసినది. అలాంటి ఫైలులో తెలుగు సంకేతాలు మొదటినుంచీ ఉండవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు గీసిన ఫాంటు ఒక్కటే దాన్ని తెలుగుగా చూపిస్తుంది. దీనికి యూటీఎఫ్-8 మందు కాదు. ఆ ఫాంటైనా ఉండాలి, ఒక్కో ముక్కను యూనికోడ్‌కు మార్చే కన్వర్టరైనా ఉండాలి. "పీడీఎఫ్ చేసి పంపమని చెప్పండి, ఈ పూటకు అదే నయం," అన్నాను.

ఇక మీతో ఒక మాట. రిఫాలోనో, దుబాయ్‌లోనో, హైదరాబాద్‌లోనే కూర్చుని గల్ఫ్ కంపెనీలకో సాఫ్ట్‌వేర్ చేస్తున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మీ టెస్ట్ డేటాలో జాన్, అహ్మద్ పక్కన ఒక తెలుగు వరస పెట్టండి. అందులో కొమ్ము, పొల్లు, గుడి దీర్ఘం తప్పకుండా ఉండాలి. ఐత్వం ఉన్న పేరూ ఒకటి ఉండాలి, ఎందుకంటే యూనికోడ్ ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయనిస్తుంది, రెండుగానూ రాయనిస్తుంది. రెండు రకాల 'సైదులు' ఒకరేనని మీ ప్రోగ్రాముకు తెలుసో లేదో చూసుకోండి. ఆ వరసను ఫైలులోంచి డేటాబేస్‌కు, అక్కడినుంచి ఫోనుకు పంపి, వచ్చినదాన్ని తెలుగు చదవగలిగిన మనిషికి చూపించండి. అసలు ఫైలును మాత్రం ఎవరూ ముట్టుకోని చోట దాచండి. ఈ కంపెనీకి ఆ ఫైలు ఉంది కాబట్టి మెసేజ్‌లు తిరిగొచ్చాయి. అంతకుముందు ఏడాది పంపినవాటికి ఫైలు లేదు, ఆ వరసలు ఇప్పటికీ 3ఎఫ్‌లే.